తలుపు తీసిన పేజీ

ఆ ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో ఉన్నవాళ్లు ఆరుగురు: రిటైరైన తెలుగు మాస్టారు, కొబ్బరికాయల వ్యాపారం చేసే ఆయన, ఆసుపత్రిలో పనిచేసే నర్సుగారు, మా బాబాయి, అమ్మ, నేను. ఉన్న వస్తువులు: ప్లాస్టిక్ కుర్చీలు ఐదు, ఒకే నవల ప్రతులు మూడు, పళ్లెం నిండా చేగోడీలు, నా నోట్‌బుక్. కుర్చీలు చాలక అమ్మ పీట వేసుకుంది.

రామచంద్రపురంలో మేం నెలకోసారి ఇలా కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. నేను రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు బాగుచేసే సర్వీస్ ఇంజనీర్ని. ఎవరేమన్నారో వరసగా రాస్తానని ఆ పని నాకు అప్పగించారు.

పుస్తకం ఎంచే వంతు ఆ నెల బాబాయిది. ఆయన ఎప్పుడూ డిటెక్టివ్ నవలలే తెచ్చేవాడు. ఈసారి సంసారం కథ తెచ్చాడు. రొయ్యల చెరువు దెబ్బతిన్నాక ఒకతను భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వదిలేసి వెళ్లిపోతాడు. ఆవిడ పెళ్లిళ్లకి వంటలు చేసి పిల్లల్ని పెంచుతుంది. ఏడేళ్లకి అతను వచ్చి తలుపు కొడతాడు. ఆఖరి పేజీలో ఆవిడ తలుపు తీస్తుంది. అక్కడితో నవల అయిపోయింది.

మా నాన్న వెళ్లిపోయి అప్పటికి పదకొండేళ్లు. తిరిగి వస్తానని ఆ నెలలోనే బాబాయి ద్వారా కబురు పంపాడు. అమ్మ ఇంకా జవాబు చెప్పలేదు. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే అందరూ నవల గురించే మాట్లాడారు.

“ముగింపు అద్భుతమండీ,” అన్నారు మాస్టారు. “క్షమించాలంటే ఎంత గుండె ఉండాలి!”

“గుండె కాదండీ, అలవాటు,” అన్నారు నర్సుగారు. “తలుపు చప్పుడైతే చెయ్యి దానంతట అదే గడియ దగ్గరికి పోతుంది. ఆవిడ ఆలోచించలేదు, రాసినాయనా ఆలోచించలేదు.”

కొబ్బరికాయల ఆయన అభ్యంతరం వేరు. “చెరువులో వైరస్ వస్తే ఎవరైనా నీళ్లు మార్చుకుంటారు, రొయ్యపిల్లల సీడ్ మార్చుకుంటారు. ఊరు మార్చేయడం ఏంటండీ?”

దాన్ని నేను సాంకేతిక లోపం కింద రాసుకున్నాను.

“అతనికీ బాధ ఉంటుంది కదండీ,” అన్నాడు బాబాయి. “నూట ఎనభయ్యో పేజీలో ఉంది చూడండి. రైలు స్టేషన్లో కూర్చుని ఏడుస్తాడు.”

“మూడు పేరాలు ఏడ్చాడు,” అన్నారు నర్సుగారు. “ఆవిడ రెండొందల పేజీలు గరిటె తిప్పింది.”

మాస్టారు సర్దిచెప్పబోయారు. “ఏమైనా సరేనండీ, పదకొండేళ్ల తర్వాత వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెడితే ఏం బావుంటుంది?”

చేగోడీల కరకర ఆగిపోయింది. అంకె సరిచేసి రాయాలా, ఆయన అన్నట్టే రాయాలా అని నేను పెన్ను పట్టుకుని ఆగాను.

“నవల్లో ఏడేళ్లండీ మాస్టారూ,” అంది అమ్మ. “పదకొండు మాది.”

మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.

“అది కాదు వదినా...” అన్నాడు బాబాయి.

“మీరు డిటెక్టివ్ పుస్తకాలు తెస్తేనే బావుంటుంది మరిదిగారూ. ఇది నేను రెండుసార్లు చదివాను. ఆవిడ తలుపు తీసింది, సరే. ఆ పూట అతనికి ఏం పెట్టింది? పక్క ఎక్కడ వేసింది? పిల్లలు అతన్ని ఏమని పిలిచారు? ఒక్కటీ రాయలేదు. అసలు కష్టం మొదలయ్యే చోట కలం మూసేసుకున్నారు.”

ఆ ప్రశ్నలకు నేను వరసగా నంబర్లు వేసుకున్నాను.

బాబాయి ఇక నవలని పక్కన పెట్టేశాడు. “అయితే అన్నయ్యకి ఏం చెప్పమంటావు వదినా?”

“వచ్చే ఆదివారం భోజనానికి రమ్మనండి.”

“ఆ తర్వాత?”

“భోజనానికే రమ్మనండి.”

ఆ తర్వాతి ఆదివారం నాన్న పన్నెండున్నరకి వచ్చాడు. బరువైన బ్యాగు తెచ్చి, దాన్ని వరండాలోనే ఉంచి లోపలికి అడుగుపెట్టాడు. నేను “రండి” అన్నాను. దాని పక్కన ఇంకో మాట చేర్చడం కుదరలేదు. మామిడికాయ పప్పు, వంకాయ కూర, చారు, పెరుగు. ధైర్యంగా ఉంటుందని బాబాయి ఆయనకీ ఒక ప్రతి ఇచ్చాడట.

“పుస్తకం చదివారా?” పప్పు వడ్డిస్తూ అడిగింది అమ్మ.

“చదివాను. బాగానే రాశాడు.” నాన్న కాసేపు అన్నం కలిపాడు. “ఆఖర్న మాత్రం... అన్నేళ్ల తర్వాత వచ్చి తలుపు కొట్టగానే తీసేయడం, నమ్మబుద్ధి కాలేదు.”

“నాకూ కాలేదండీ,” అంది అమ్మ. పెరుగు గిన్నె ఆయన ముందుకి జరిపింది.

ఆయన చెయ్యి కడుక్కుని, అమ్మ ఇచ్చిన తువ్వాలుతో తుడుచుకుని, కాసేపు కూర్చున్నాడు. ఎవరూ ఉండమనలేదు. ఎవరూ వెళ్లమనలేదు. ఆయనే లేచి బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. ఆయన్ని దింపడానికి నేను బండి తీశాను.

ఆయన ఇంట్లో ఉన్నది గంటా నలభై నిమిషాలు.