ఆఖరి సర్ సమాధి దాకా

శనివారం పొద్దున పదింటికి క్లేటన్ స్టేషన్లో రైలెక్కాం, నేనూ మా ఇంటావిడ మిస్ ఈడిత్. ఆవిడకి ఎనభై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. కంప్యూటర్ల వై టూ కే పని మీద మెల్‌బోర్న్ వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఇంట్లో ఓ గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. వాళ్ళ ముత్తాతకి ఇంగ్లండ్‌లో ఇచ్చిన 'సర్' బిరుదు తండ్రి నుంచి కొడుక్కి దిగుతూ వచ్చి, పిల్లల్లేని తమ్ముడు హ్యూ పోవడంతో నిరుడు ఆగిపోయింది. బల్లారట్‌లో ఆయన సమాధికి రాయి నిలబెట్టారని కబురొస్తే చూడ్డానికి బయల్దేరింది.

తోడు వస్తానన్నది నేనే. ఆ రోజు ఇంటి పట్టున ఉండలేను. ఒంగోల్లో మా నాన్న సంవత్సరీకం. మేం ముగ్గురం ఆడపిల్లలమే. "పెదనాన్నగారి శీను పెడతాళ్ళే. నువ్వొచ్చి మాత్రం చేసేదేముందే, సెలవు దండగ," అంది అమ్మ ఫోన్లో. సరే అన్నాను.

స్పెన్సర్ స్ట్రీట్ స్టేషన్లో పదకొండున్నరకి బల్లారట్ బండి. వెళ్ళాలనుకునే శాకాహారులు తిండి వెంట తెచ్చుకోండి. గోంగూర పచ్చడి రాసిన నా బ్రెడ్డుని మిస్ ఈడిత్ ముక్కు తుడుచుకుంటూనే రెండోసారి అడిగి తింది. టికెట్లు చూసే పెద్దమనిషి వాసన పట్టి, "నాకేదీ, లవ్?" అన్నాడు; ఇక్కడ అందర్నీ అలాగే పిలుస్తారు. ఒంటిగంటా పావుకి దిగాం. జూన్ నెల, ఇక్కడ చలికాలం. మెల్‌బోర్న్‌లో సరిపోయే కోటు అక్కడి చలికి ఏమూలకీ రాలేదు.

టాక్సీ శ్మశానం గేటు దగ్గర దింపింది. రెండున్నరకి రాయి కనబడింది. సర్ హ్యూ అని బంగారు అక్షరాలు, వాటి కింద 'ఈ వంశంలో ఆఖరివాడు' అని.

నాకు ఒళ్ళు మండింది. "ఎవరు చెక్కించారిది? మీరున్నారుగా!" అన్నాను.

"నేనే రాసిచ్చాను, డియర్. ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకోరు కదా," అంది. చేతిరుమాలుతో అక్షరాల్లోని మట్టి తుడుస్తూ, "రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడిక్కడ నించుంటే నేనూ పోయినట్టుంది," అని ఏడ్చింది. మార్పిద్దామన్నాను.

"ఇక చదవడానికి ఎవరొస్తారని?" అంది.

నాలుగున్నరకి తిరుగు బండి. టీ తాగుతూ అడిగింది: "పొద్దుట్నుంచీ వాచీ చూస్తూనే ఉన్నావు, ఏమిటి సంగతి?"

చెప్పాను. మా ఊళ్ళో పన్నెండు దాటింది, నాన్నకి పిండాలు పెట్టే వేళ, కొడుకుల్లేరు కనక అన్నయ్య వరసవాడు పెడుతున్నాడు అని.

"నువ్వున్నావుగా?" అంది మిస్ ఈడిత్.

ఊరికే అడిగింది, దెప్పడానిక్కాదు. నేను కిటికీ వైపు తిరిగాను. బయట గొర్రెల మందలు, తడిసిన గడ్డి, చూస్తుండగానే చీకటి.

బల్లారట్ చక్కటి ఊరంటారు. బంగారు గనులూ, పెద్ద చెరువూ ఉన్నాయట. నేను మాత్రం ఒక రాయి చూసి వచ్చాను.

ఆరుంపావుకి స్పెన్సర్ స్ట్రీట్‌లో దిగి, ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ గొంతు తేలిగ్గా ఉంది.

"భోజనాలు కూడా అయిపోయినయ్యే. శీను అన్నీ పద్ధతిగా చేశాడు. ఏ లోటూ రాలా."

సరే అన్నాను.