వాళ్ళ ముందు చదవలేనిది

మాస్టారు పోయారన్న కబురు నాకు పాఠం మధ్యలో తెలిసింది. మా ప్రిన్సిపాలుగారు వరండాలోకి పిలిచి, విజయనగరం నుంచి ఫోను వచ్చిందనీ, ఆయన పొద్దున్నే లేచి మంచం దగ్గరే కూలబడిపోయారనీ చెప్పారు. నేను తల ఊపి లోపలికి వెళ్ళి మిగతా పాఠం పూర్తిచేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. గంట కొట్టి పిల్లలంతా వెళ్ళిపోయాక, ఖాళీ బెంచీల ముందు కూర్చుంటే అప్పుడు ఏడుపొచ్చింది. ఆమదాలవలస దాకా బస్సులో, అక్కణ్ణుంచి పాసింజరులో వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు వీధి కడిగేసి ఉంది. నాకు ఆఖరిచూపు దక్కలేదు.

ఈ సంచిక చదివే మీలో చాలామందికి ఆయన మన సంఘం అధ్యక్షులు. నాకు బి.ఏ.లో పాఠం చెప్పిన మాస్టారు, తరవాత మెడలు వంచి కార్యదర్శి పని చేయించిన పెద్దమనిషి. పొగడ్తలంటే ఆయనకి గిట్టదు. ఎవరైనా సన్మానపత్రం చదువుతుంటే కుర్చీలో అటూ ఇటూ కదిలి చివరికి చెప్పులు వెతుక్కునేవారు. అంచేత ఆయనలో నాకు నచ్చనివి ముందే చెప్పేస్తాను. ఏ పనీ వేళకి చేసేవారు కారు. ఆయన ముందుమాట కోసం మన సంచిక ఎన్నిసార్లు ఆగిపోయిందో ప్రెస్సువాళ్ళని అడగండి. ఉత్తరాలకి జవాబిచ్చేవారు కారు. మొండితనంలో ఆయన తరవాతే ఎవరైనా. నాకూ ముక్కుమీదే కోపం కనక మేమిద్దరం పోట్లాడుకోని సమావేశం లేదు.

శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల కాలేజీల్లో సోషియాలజీ చెప్పేవాళ్ళం ఒక్క జట్కాబండిలో సరిపోయే రోజుల్లో ఆయన ఈ సంఘం పెట్టారు. చరిత్ర చెప్పేవాళ్ళకి సంఘం ఉంది, లెక్కలవాళ్ళకీ ఉంది, మనం మాత్రం చెట్టుకొకళ్ళు పుట్టకొకళ్ళుగా ఎన్నాళ్ళు ఉంటామని అందరి ఇళ్ళకీ తిరిగారు. మొదటి సమావేశానికి వచ్చినవాళ్ళకి మాస్టారింట్లోనే భోజనాలు. అమ్మగారు వడ్డిస్తుంటే ఆయన విస్తళ్ళ మధ్య నిలబడి, మన సంఘం ఏం చెయ్యాలో చెప్పుకుంటూ పోయారు. పులుసు చల్లారిపోయిందని ఆవిడ కేకలేశాక కూర్చున్నారు.

ఎవరు వ్యాసం చదివినా ఆయన అడిగే మొదటి ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. పద్ధతి గురించి కాదు, పట్టికల గురించి కాదు. “ఆ ఊళ్ళో ఎవరింట తిన్నావు?” కొత్తవాళ్ళు తెల్లమొహం వేసేవారు. కరణంగారింట్లో తిన్నామంటే, అయితే నువ్వు రాసింది కరణంగారి ఊరు, మళ్ళీ వెళ్ళి ఇంకో ఇంట్లో తినిరా అనేవారు. గజపతినగరం సంత మీద వ్యాసం రాసిన ఒకాయన, సంతలో ఎవరింటా తినలేదు, హోటల్లో తిన్నానన్నాడు. మాస్టారు పడీ పడీ నవ్వి, అది నిజాయితీగల జవాబు అని అతని వ్యాసం సంచికలో ముందు వేయించారు.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటుంది. మన సంఘం బతుకు ఇప్పుడు దాని మీదే ఆగి ఉంది కనక కాస్త వివరంగా రాస్తాను. ఏ ఊరి గురించి వ్యాసం రాస్తే ఆ ఊళ్ళో, ఆ ఊరివాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళకి అర్థమయ్యే తెలుగులో ముందు చదివి వినిపించాలి. ఆ తరవాతే అది సంఘం ముందుకి రావాలి. “మనం రాసేది వాళ్ళ వీపు వెనక మాట కాకూడదురా” అనేవారు. నిజం చెప్పాలంటే ఆ చదువులు మహా విసుగ్గా సాగేవి. శృంగవరపుకోట దగ్గర ఒక ఊళ్ళో నేను చదువుతుంటే సగంమంది నిద్రపోయారు. మిగిలినవాళ్ళలో ఒక రైతు, ఊళ్ళో ఎడ్లన్నీ రాశారు గానీ తన ఎడ్లజత సంగతి రాయలేదని అలిగి వెళ్ళిపోయాడు. అయినా ఆ మర్నాటి నుంచి ఆ ఊళ్ళో ఎవరూ నన్ను అనుమానంగా చూడలేదు. ఏజెన్సీలో గొడవల వల్ల పల్లెల్లో కాగితం, కలం పట్టుకున్న కొత్తమనిషి కనిపిస్తే జనం తలుపులేసుకునే రోజులివి. ఆ నియమం విలువ నాకు అప్పుడు తెలిసింది.

ఆ నియమమే ఆయన్ని దెబ్బతీసింది. అది పొందూరు దగ్గర ఒక నేతవాళ్ళ ఊరు. పేరు రాయను. మాస్టారు అక్కడ ఇద్దరన్నదమ్ముల్లో పెద్దవాడి ఇంట్లో బస చేసి, చాలాకాలం వెళ్తూ వస్తూ వ్యాసం రాశారు. తమ్ముడు పెద్దల మాట కాదని కూతుర్ని వేరే కులానికి ఇచ్చాడని కులపెద్ద అతన్ని వెలివేశాడు. నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదు, గుమ్మం తొక్కకూడదు. మాటామంతీ కూడా కూడదు. వీధిలో చూస్తే ఆ కట్టుబాటు ఇనుపకట్టే. దొడ్లో చూస్తే వేరు. తోడికోడళ్ళిద్దరూ రోజూ దొడ్డిగోడ మీంచి కూరా, నిప్పూ, వడకడానికి ఏకులూ ఇచ్చిపుచ్చుకుంటున్నారు. మాస్టారికి అది ఎంత ముచ్చటేసిందంటే, వ్యాసంలో దాని కోసం ఒక భాగమే కేటాయించారు. పేర్లు రాయలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే కదా, విని సంతోషిస్తారనుకున్నారు.

అదీ మనలాంటివాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. తెలియడం వేరు, పదిమందిలో వినపడటం వేరు. రామమందిరం ముందు ఆయన ఆ భాగం చదువుతుంటే నేను పక్కనే ఉన్నాను. గుంపులో గుసగుసలు ఆగిపోయాయి. ఆడవాళ్ళ వైపు కూర్చున్న పెద్ద తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతవరకూ చూసీ చూడనట్టు ఊరుకున్న కులపెద్ద ఇక ఊరుకోలేకపోయాడు. విన్నాక కూడా మాటాడకపోతే తన పెద్దరికం ఏటని, పెద్దవాడి కుటుంబాన్ని కూడా ఆ రోజు నుంచే వెలివేస్తున్నట్టు చెప్పబోయాడు. పెద్దవాడికి పెళ్ళికెదిగిన ఇద్దరు ఆడపిల్లలున్నారు.

మాస్టారు లేచారు. ఆయన మొహం పాలిపోవడం నేను అదే మొదటిసారి చూడటం. “నేను రాసింది తప్పు. కళ్ళారా చూసింది కాదు. ఎవరో అంటే విని రాసేశాను” అన్నారు. కులపెద్ద ఆయన్ని చాలాసేపు చూశాడు. అతనికీ బరువు దిగినట్టయిందని నాకనిపించింది. “మేస్టారే సూడనేదంటన్నారు గదా. ఇంకేటున్నాది?” అని లేచిపోయాడు. మాస్టారు వ్యాసాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన జీవితంలో రాసినవాటిలో అదే మంచి వ్యాసమని నేను ఇప్పటికీ అంటాను. దాన్ని మళ్ళీ బయటికి తియ్యలేదు.

అలాంటి మాట దాగదు. తన పరిశోధన అబద్ధమని తనే ఒప్పుకున్నాడట అని విశాఖ దాకా పాకింది. క్రిందటి వార్షిక సమావేశంలో అది మన సంఘం నెత్తిన పడింది. విశాఖ యూనివర్సిటీ నుంచి వచ్చిన రీడరుగారు మూడు మార్పులు ప్రతిపాదించారు. సంఘాన్ని అఖిల భారత సంఘంలో కలపాలి, సంచిక ఇంగ్లీషులో రావాలి, ఊళ్ళో చదివే నియమం ఎత్తేయాలి. ఆయన చెడ్డవాడు కాదు. మన పిల్లలకి ఢిల్లీలో, బొంబాయిలో ఉద్యోగాలు రావాలంటే మన రాతలు అక్కడివాళ్ళకి అర్థం కావాలి కదా అన్నది ఆయన బాధ. అందులో నిజముంది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. “అధ్యక్షులవారు చూడనిది చూశానని రాశారు. లేదా చూసినది చూడలేదని ఊళ్ళో చెప్పారు. రెండిట్లో ఏదైనా, ఈ సంఘాన్ని నడిపించే మనిషికి అది తగదు” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. లేచాను. “కూర్చోరా” అన్నారు మాస్టారు, బి.ఏ. క్లాసులో అన్నట్టే. ఆ తరవాత సభకి చెప్పింది ఇంతే: “చూడలేదని చెప్పాను. ఆ మాట మీదే ఉన్నాను.” మళ్ళీ అధ్యక్షుడిగా నిలబడనని కూడా అప్పుడే చెప్పేశారు. నియమం సంగతి వచ్చే సమావేశానికి వాయిదా పడింది. హాల్లో ఎవరూ ఆయన వైపు చూడలేకపోయారు.

బయటికి వచ్చి స్టేషను వైపు నడుస్తుంటే ఆయన్ని నిలేశాను. అసలు సంగతి ఒక్క ముక్కలో చెబితే పోయేది కదా, చదువుకున్నవాళ్ళు, అర్థం చేసుకోరా అన్నాను. ఆయన నడక ఆపలేదు. “అర్థం చేసుకుంటార్రా. అర్థం చేసుకుని ఇంకోచోట చెప్తారు. అక్కణ్ణుంచి అది ఆ ఊరు చేరడానికి ఎంతసేపు? నా పేరు బాగుపడాలంటే ఆ ఇద్దరాడవాళ్ళూ వీధిన పడాలి. అలాంటి పేరు నాకేటికి?” అన్నారు. కోపమొచ్చినప్పుడే ఆయన నోట ఇంటి యాస వచ్చేది. కాస్సేపయ్యాక, వాళ్ళ ముందు చదవలేనిది అసలు రాయకూడదని తనకి ఇన్నేళ్ళకి తెలిసిందన్నారు. తను బతికుండగా ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. ఆ తరవాత ఆయన సంఘం పనుల వైపు రాలేదు. వెళ్ళి చూస్తే వాలుకుర్చీలో కూర్చుని పాత సంచికలు తిరగేస్తూ కనిపించేవారు. ఆయన్నలా చూడటం నాకు చాలా కష్టంగా ఉండేది.

సంతాపసభ విజయనగరంలో, మనం ఎప్పుడూ కూడే కాలేజీ హాల్లోనే జరిగింది. రీడరుగారు కూడా వచ్చి, మర్యాదగా, బాగా మాటాడారు. ఆ వ్యాసం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు గుచ్చుకుంది. మాస్టారు బతికుండగా చెప్పొద్దన్నారు, ఇప్పుడు చెప్పొచ్చా? ఆయనకిచ్చిన మాట గడువు తీరిపోయినా, ఆ ఆడవాళ్ళ భయం తీరలేదు కదా. నోరు నొక్కుకుని కూర్చున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్న ఇద్దరాడవాళ్ళు లేచారు. పరామర్శకి ఇంటికి వెళ్తే అందరూ ఇక్కడున్నారని చెప్పారట. ఆ తోడికోడళ్ళే. పెద్దామె నన్ను గుర్తుపట్టి నావైపు తిరిగి మాట్లాడింది. “బావూ, ఆ గోడమీంచి కూరిచ్చింది నానే. పుచ్చుకున్నాది ఇదే. మేస్టారు రెండు కళ్ళతో సూసినారు. మాకోసం అబద్ధమాడినారు. మమ్మల్ని నోరిప్పొద్దన్నారు. ఇప్పుడాయన నేరు. ఆ అబద్ధం ఆయన మీద ఉండిపోతే మాకు అన్నం ఎలాగ సయిస్తాది?”

చిన్నామె అంతవరకూ తల వంచుకుని ఉంది. “ఆ కాయితం మా ఊర్లో మళ్ళా సదవండి. ఈపాలి ఇద్దరం ఒక్క దగ్గిరే కూకుంటాం. ఏటౌతాదో అవనీండి” అంది. పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయా అని పెద్దామెని అడిగాను. ఒకదానికయింది, ఒకర్తె ఉన్నాది అంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

రీడరుగారు తను లోగడ అన్న మాటని సభ ముందే వెనక్కి తీసుకున్నారు. నియమం మీద మాత్రం తన అభిప్రాయం మారలేదన్నారు. అక్కడ చదవడం వల్లే కదా వీళ్ళకింత కష్టం వచ్చింది అన్నారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. వచ్చే సమావేశంలో మీరంతా ఓటు వెయ్యాలి. నన్ను అధ్యక్షుణ్ణి చేస్తామంటున్నారు. చేస్తే ఆ నియమంతోనే చెయ్యండి, లేకపోతే ఆ కుర్చీ నాకొద్దు. అఖిల భారత సంఘంలో కలవండి, ఇంగ్లీషులో రాయండి, నాకేం పేచీ లేదు. ముందు ఊళ్ళో చదవండి. చదవడానికి భయమేసిన వాక్యం దగ్గర ఆగి ఆలోచించండి. మాస్టారు సంఘం ఏ దారిన పోవాలని కోరుకున్నారో నాకు తెలిసింది అంతే.

ఆ ఆడవాళ్ళు కోరినట్టే ఊళ్ళో చదువుతానంటే, అమ్మగారు మాస్టారి పెట్టెలోంచి వ్యాసం తీసిచ్చారు. రీడరుగారు తనంతట తనే నాతో పొందూరు స్టేషన్లో దిగారు. రామమందిరం ముందు జనం కిక్కిరిసి కూర్చున్నారు. తోడికోడళ్ళిద్దరూ ముందువరసలో, భుజం భుజం రాసుకుని కూర్చున్నారు. ఆ భాగం వచ్చింది. “ఈ ఊళ్ళో వెలి వీధివైపు ఉన్నంత గట్టిగా దొడ్డివైపు లేదు” అన్న మాస్టారి వాక్యం చదివి, ఆగి, మళ్ళీ చదివాను.

మొత్తం చదివాక కులపెద్ద, “ఇంకా ఉన్నాదా బావూ?” అన్నాడు. అయిపోయిందన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వెలి ఊసెత్తకుండానే వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఎవరూ కదల్లేదు.

తోడికోడళ్ళు లేచి వీధిన పడ్డారు. ఆ పూట మగ్గాల చప్పుడు లేదు. గుమ్మాల్లో నిలబడి ఊరంతా చూస్తోంది. చిన్నామె తన ఇంటి వీధితలుపు తోసి, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పెద్దామె గడప ముందు చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని నిలబడింది. చిన్నామె వంగి, ఆ వీధిలోనే, అందరూ చూస్తుండగా, ఆమె కాళ్ళ మీద మెల్లగా నీళ్ళు పోసింది.