సబ్బుతో తోమిన అంబలి కుండ

విశాఖ స్టేషన్లో ఉదయం ఆరూ నలభైకి అరకు పాసింజరు ఎక్కాను. ఒళ్లో గుడ్డ కట్టిన మట్టికుండ, జేబులో గ్యాస్ బిళ్లలు. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయలన్నీ అటే. ఇంకో మాట: ఒళ్లో కుండ పెట్టుకోకండి. అందరూ అడుగుతారు.

శృంగవరపుకోట దాటాక ఎదుటి సీటు పెద్దాయన ఉండబట్టలేక గొంతు తగ్గించాడు.

"ఏటి బావు, అస్థికలా?"

"కాదండీ, పులిపాలు. మూత తీస్తే ఇంజను భయపడి వెనక్కి పోతుంది."

"అయితే అరకు దాకా తియ్యకు. నాకు సంతలో పనుంది."

నిజానికి కుండ ఖాళీ. పన్నెండేళ్ల కిందట నేనూ మా ఆవిడ సరోజా ఇదే రైల్లో వచ్చాం. ఇద్దరు తినాల్సిన బొంగులో చికెన్ ఒక్కణ్ణే తిని, అరకు పక్కన ఒక కొండ ఊళ్లో, ఎవరిదో అరుగు మీద కడుపు పట్టుకుని కూలబడ్డాను. ఆ ఇంటావిడ, పేరు సోంబారి, నాకు చోడి అంబలి పోసింది. చోడి అంటే రాగులే. రాత్రి పులియబెట్టిన పిండిని నూకలతో ఉడికించి, మజ్జిగ కలిపి, పక్కన పచ్చి ఉల్లిపాయ పెట్టింది. సాయంత్రానికి లేచి కూర్చున్నాను. సరోజ ఆమెను బతిమాలి ఒక కుండా, అడుగున ఇంత పులుపూ తెచ్చుకుంది. రోజూ నిన్నటి పులుపు కాస్త ఉంచి అందులోనే కొత్త పిండి కలపాలి. కుండను ఉత్త నీళ్లతోనే కడగాలి. పన్నెండేళ్లు ఆ పులుపు తెగలేదు. నా కడుపూ నోరెత్తలేదు.

కిందటి మాఘంలో సరోజ పోయింది. పెద్దకర్మ నాడు చుట్టాలు పాత కుండలు పారేస్తుంటే దీన్ని మంచం కింద దాచాను. ఆవిడ వస్తువు శుభ్రంగా ఉండాలని తర్వాత సబ్బు పెట్టి మూడుసార్లు తోమాను. అప్పటినుంచి ఎన్నిసార్లు పిండి కలిపినా కంపు కొట్టడమే. హోటల్ పరోటాల మీద పడ్డాను, కడుపులో మంట మొదలైంది. డాక్టరు బిళ్లలు రాస్తూ "ముందు ఆ తిండి మార్చండి" అన్నాడు. మంట సంగతి సరే. నాకు ఆ కుండలో మళ్లీ ఆ పులుపు లేవాలి.

పదకొండింటికి అరకులో దిగి, షేర్ జీపులో పసుపు బస్తాల మధ్య ముప్పావుగంట ఇరుక్కుని ఊరు చేరాను. సోంబారి ముంగిట్లో కాఫీ గింజలు ఎండబోస్తోంది. చేతిలో కుండను చూసి నన్ను గుర్తుపట్టింది.

"ఏటి బావు, ఒక్కడివే వచ్చినావు. అమ్మ ఏది?"

"మోకాళ్ల నొప్పులు. మేడ దిగడానికి హెలికాప్టర్ అడుగుతోంది."

ఆమె నవ్వలేదు. కుండ అందుకుని వాసన చూసింది. గోటితో అడుగు గీరి నాలిక మీద వేసుకుంది.

"సబ్బెట్టి తోమీసినావా?"

"శుభ్రంగా ఉంటుందని."

"మట్టికుండ బావు, దానికీ కడుపుంటాది. సబ్బు తాగీసినాది. ఇంకేటరుగుద్ది?"

"వేణ్నీళ్లు కాచి పోస్తే?"

"ఏటి సేసినా ఆ సబ్బు ఒదల్దు." కుండను తన గోడ పక్కన దించింది. "ఇక్కడుండనీ. మిరపనారు ఏసుకుంతాను. నీ ఇంట్లో ఉంటే మళ్లీ తోముతావు."

కుండ కోసం చేతులు చాచాను. ఆమె అడ్డాకు డొప్పలో అంబలి పోసి ముందు పెట్టింది. గటగటా ఎత్తబోతే కసిరింది. "బేగి తాగీకు. ఎవుడూ లాక్కోడు. ఉల్లిపాయ నములు."

రెండున్నరకు లేచాను. ఎండిన ఆనపకాయ బుర్రలో తన కుండలోని పులుపు పోసి, ఆకుతో మూతి బిగించి ఇచ్చింది.

"గిద్దెడు పిండి కలుపు బావు. ఒక్కడికి అంతకంటే ఎక్కువొద్దు, మిగిలిపోద్ది. కూకుని తిను. నిలబడి మింగీకు."

తలూపి వచ్చేశాను. నాలుగింటి రైలు దొరికింది. సొరంగంలో దూరి బోగీ చీకటయ్యాక గానీ ఆ మాట నాకు తట్టలేదు. ఒక్కడికి అంది. నా హెలికాప్టర్ ఆమె ముంగిట్లోనే కూలిందన్న మాట.

వెలుగొచ్చాక, వెదురు బుట్టతో పక్కన కూర్చున్నావిడ బుర్రకేసి చూసింది.

"ఏటండి, కల్లా?"

పులిపాలు నాలిక చివరిదాకా వచ్చాయి.

"అంబలి పులుపమ్మా. మా ఆవిడ చేసేది. పోయింది. ఇకమీద నేనే చేసుకోవాలి."

ఆవిడ బుర్ర ఒరగకుండా తన బుట్ట ఇటు జరిపింది.

విశాఖ చేరేసరికి ఎనిమిది దాటింది. లోయలూ కాఫీ తోటలూ బాగుంటాయి, వెళ్లిరండి. నేను ఈసారి పెద్దగా చూడలేదు. ఇంటికొచ్చి, దారిలో కొన్న కొత్త కుండలో పులుపు వంచి, గిద్దతో పిండి కొలిచాను. చెయ్యి అలవాటు కొద్దీ రెండో గిద్ద ముంచింది. దాన్ని తిరిగి డబ్బాలో పోశాను.