మా బావ కారుకి ఒక అంగుళం ఎక్కువ

ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో చిన్న అధికారి అయిన మా బావ, అప్పటికే ముగ్గురు వాడి వదిలించుకున్న కారు కొన్నాడు. మా అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "క్రిస్మస్‌కి చర్చికి నేను ట్రాములో వస్తాను. మీరు ఈ డబ్బాలో రండి," అంది. పెళ్లయిన ఆరేళ్లలో బావ అంతగా చిన్నబోవడం నేను చూడలేదు.

డబ్బాని కారు చెయ్యడానికి ఆయనకి తోచిన మార్గం, తలుపుల మీద తళతళలాడే క్రోమ్ పట్టీలు. కొలతలు నా వంతు. నేను బీయస్సీ పాసయ్యాను, ఉద్యోగం రాలేదు. కనుక ఇంట్లో శాస్త్రీయమైన పనులన్నీ నావే. అక్క కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి నాలుగు తలుపులూ కొలిచాను. వరండాలో బియ్యం ఏరుకుంటూ అక్క అంతా చూసింది. ఏమీ అనలేదు. దాన్ని నేను మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను.

కాగితం మీది అంకెల ప్రకారం దుకాణంలో మిస్త్రీ తన ఇనప స్కేలుతో కొలిచి పట్టీలు కోశాడు. "మాప్ ఠిక్ తో, దాదా?" అని బెంగాలీలో రెండుసార్లు అడిగాడు, కొలత సరైనదేనా అని. కొలిచినవాడు సైన్సు చదివాడని బావ భరోసా ఇచ్చాడు.

పండగ ముందురోజు బిగించబోతే ప్రతి పట్టీ ఒక అంగుళం పొడుగు. వెనక తలుపులవి రంపంతో కోసి, ఆకురాయితో అంచులు రుద్ది సరిచేశాం. ముందు తలుపుల దగ్గరికొచ్చేసరికి రంపం బ్లేడు విరిగింది. దుకాణాలు మూసేశారు.

"అంగుళమే కదరా, ఎవడు చూస్తాడు," అని బావ మరలు బిగించేశాడు.

ఆ కారు తలుపులు బీరువా తలుపుల్లా ఎదురెదురుగా తెరుచుకునేవి. ఎక్కువైన అంగుళం వెనక తలుపు మీదికి వాలింది. ముందుది తెరిస్తే తప్ప వెనకది రాదు. తెల్లారి ముందు సీట్లో కేకు పెట్టెలు సర్దడానికి ఆ తలుపు తెరిచే ఉంచాం కనుక, ఈ సంగతి బయటపడలేదు. పట్టీల మెరుపు చూసి అక్క, "వెళ్లేటప్పుడు మాత్రమే. వచ్చేటప్పుడు ట్రామే," అని వెనక ఎక్కింది.

చర్చి ముందు కారు ఆగింది. "ఏటండీ, ఈ తలుపు రావట్లేదు," అంది అక్క. పక్కన నేనూ బందీనే. బావ డిసెంబరులో చెమటలు కక్కుతూ చుట్టూ తిరిగొచ్చి, ముందు తలుపు తీసి, తర్వాత వెనకది తీసి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మెట్ల మీది తెలుగువాళ్లు మాటలాపి చూశారు. అక్క కుచ్చిళ్లు సర్దుకుని తీరిగ్గా దిగింది.

"మీ ఆయన తలుపు తీసి దింపుతున్నాడేటమ్మా," అంది ఒక పెద్దావిడ.

"ఆయనకి అలవాటండి."

ఆరాధన అయ్యాక ట్రాము ఊసు రాలేదు. అక్క నేరుగా కారు దగ్గరికెళ్లి, తలుపు పక్కన నిలబడి, బావ కోసం చూసింది. "రేపు బ్లేడు తెచ్చి కోసేస్తాను," అన్నాడాయన నెమ్మదిగా.

"కొయ్యకండి. బాగానే ఉంది."

సాయంత్రం టేపు సొరుగులో పెట్టబోతూ చూశాను. అది ఒకటో అంకె దగ్గరే మొదలవుతోంది.

"అక్కా, దీనికి మొదటి అంగుళం లేదు."

"ఎప్పుడో ఎలక కొట్టేసింది. నేను ఒకటి తీసేసి లెక్కేసుకుంటాను."

"మరి నేను కొలుస్తుంటే చెప్పలేదేటి?"

"సైన్సు చదివినోడికి నేనేటి చెప్తానురా," అంది అక్క.