ఫిలిస్ కొడుకు పిల్లికూతలు

నడిసముద్రంలో ఉన్న మా ట్రిస్టన్ దీవిలో ఎవరు ఎవరి బిడ్డో తేల్చుకోవడానికి ముఖం చూడరు, ఛాతీ చప్పుడు వింటారు. మొదట ఇక్కడ కాపురం పెట్టినవాళ్ళలో కొందరికి ఉబ్బసం ఉండేదట. మేమంతా వాళ్ళ సంతానమే. సగంమందిమి పిల్లికూతలతోనే నిద్రపోతాం. ఉబ్బసం లేనివాణ్ణి చూస్తే మాకు ముందు అసూయ, ఆపైన అనుమానం.

మా పెద్దమ్మ కూతురు ఫిలిస్‌కు ఉబ్బసం. ఆమె మొగుడు గోర్డన్‌కూ ఉబ్బసమే. ఒక్కగానొక్క కొడుకు డెస్మండ్ మాత్రం బంగాళాదుంపల బస్తా భుజాన వేసుకుని కొండ ఎక్కినా ఆయాసపడడు. అదే ఫిలిస్ చేసిన నేరమైంది.

ఉన్ని ఏకేచోట ఆడవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. "ఏమే ఫిలిస్, వాడు కడుపున పడ్డ ఏడు ఇక్కడ ఆగిన ఓడలోంచి గట్టి ఊపిరున్న నావికుడెవడన్నా దిగాడా?"

"దిగుంటే నిన్నే ఎత్తుకుపోయేవాడు, మాకు పీడ వదిలేది" అనేది ఫిలిస్. అక్కడ నవ్వేది, ఇంటికెళ్ళి ఏడ్చేది. గోర్డన్ ఏమీ అనేవాడు కాదు. తిట్టినా బాగుండేదని నాతో చాలాసార్లు చెప్పుకుంది.

పిల్లాడికి ఇదంతా ఎప్పుడు అర్థమైందో తెలియదు. తండ్రి గుమ్మంలో అడుగుపెడితే చాలు, గొంతు బిగించి పిల్లికూతలు మొదలుపెట్టేవాడు. నేను కనిపెట్టాను. నిజంగా ఆయాసపడేవాడు ఎదుటివాళ్ళు వింటున్నారో లేదో చూసుకోడు. వీడు చూసుకునేవాడు.

వాడు పెద్దవాడయ్యేసరికి గోర్డన్‌కు ఆయాసం ముదిరి చేపల వేటకు వెళ్ళలేకపోయాడు. పడవ ఎవరికో ఒకరికి అప్పగించాలి. "మా అక్క కొడుకు బేసిల్‌కిస్తా. వాడైతే మా రక్తం" అన్నాడు, కొడుకు ఎదురుగానే.

అలాంటి రోజుల్లో ఓడలో డాక్టర్లు దిగారు. ఉబ్బసం వంశంలో ఎలా దిగుతుందో చూస్తారట, అందరి రక్తం కావాలట. మా రక్తం సీసాల్లో పట్టుకెళ్ళి ఎవరికి అమ్ముకుంటారోనని ఊరంతా గుసగుసలు. గోర్డన్ మాత్రం పెళ్ళాన్నీ కొడుకునీ వెంటబెట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాడు. ఎందుకో అందరికీ తెలుసు. ఫిలిస్ చెయ్యి చాపింది.

డాక్టరు డెస్మండ్ ఛాతీకి గొట్టం ఆనించగానే వాడు కూతలు అందుకున్నాడు. డాక్టరు నవ్వాడు. "గొంతు వదులు చెయ్యి బాబూ. నీ ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి."

"అయితే వీడు నా కొడుకు కాదన్నమాట" అన్నాడు గోర్డన్, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా.

డాక్టరు తెల్లబోయాడు. "అదేం మాటండీ! ఉబ్బసం ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. చాలా కలవాలి, వాటికి దుమ్మూ చలీ తోడవ్వాలి. అమ్మానాన్నలిద్దరికీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ, అంతే. తప్పించుకునేవాళ్ళూ ఉంటారు."

గోర్డన్ కళ్ళు చిన్నవి చేశాడు. "ఇలా చెప్పమని మా ఆవిడేమన్నా చెప్పిందా మీకు?"

"ఆవిణ్ణి నేను చూడ్డం ఇదే మొదలు."

గోర్డన్ కొడుకు భుజమ్మీద చెయ్యి వేశాడు. "ఒరే, రేపు వేటకు రమ్మని ఊరి గంట కొడితే మన పడవ నువ్వే తియ్యి."

డెస్మండ్ తల్లివైపు చూశాడు.

"తీసుకో నాయనా, నీ పడవే" అంది ఫిలిస్. మొగుడి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళు నేను చెబితే చెవికెక్కలేదు. నిన్న ఓడ దిగినాయన ఒక్క మాట అంటే నమ్మేశావు. ఇకనుంచి ఆయన్నే వండిపెట్టమను."

అందరం నవ్వాం. గోర్డన్ కూడా నవ్వాడు. ఫిలిస్ నవ్వలేదు.

ఆ సాయంత్రమే పక్కబట్టలు చుట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. గోర్డన్ ఇప్పటికీ వచ్చి మా గుమ్మం ముందు నిలబడతాడు. "తప్పయిందే, ఇంటికి రా" అంటాడు. ఫిలిస్ తలుపు తియ్యదు.