బావకు పెట్టనివ్వని బెలూన్ పంపు

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో నేను గుడివాడలో మందుల షాపులో పనిచేసేవాణ్ణి. కంపెనీల వాళ్లు డాక్టర్లకు ఏమేం ఇస్తారో, ఎందుకిస్తారో రోజూ చూసేవాణ్ణి. అందుకని మా ఇళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా నా మాటే చెల్లేది. మా అక్క భర్త నాంచారయ్య బావ బందరులో సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాడు. ఒకరోజు పడవ దిగుతూనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. తొడలోంచి సన్నటి గొట్టంతో బెలూను పంపి, పక్కనుండే పంపుతో గుండెకు సాయం చేద్దామనీ, కోలుకుంటే ఆపరేషన్ చేయవచ్చనీ అన్నారు. గ్యారంటీ లేదు గానీ ఆశ ఉందన్నారు. ఆయన వెనక టై కట్టుకున్న మనిషొకడు ఆ పంపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. దాన్ని తయారుచేసే కంపెనీ మనిషట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు చాలు నాకు. రోగి మంచం దగ్గర కంపెనీవాడికేం పని? మా బావ రాగానే ఈ కొత్త మిషను గుర్తొచ్చిందా?

"మీ అక్కగారితో మాట్లాడి చెప్పండి" అన్నారు డాక్టరు.

బయటికి వచ్చాను. అక్క లేచి నిలబడింది.

"ఏవన్నార్రా?"

"లాభం లేదన్నారక్కా. ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు."

"నువ్వు గట్టిగా అడిగావా?"

"అడిగానక్కా."

లోపలికెళ్లి, మా అక్క ఒప్పుకోవడం లేదని డాక్టరుకు చెప్పాను. బందరు తిరిగొచ్చే దారిలో కారు గూడూరు దాటకముందే అక్క ఒళ్లో బావ ప్రాణం పోయింది.

కొన్ని నెలలకు ఆ టై మనిషి తలనొప్పి మాత్రకోసం మా షాపుకొచ్చి నన్ను గుర్తుపట్టాడు. "ఆ రోజు నర్సులకు మిషను నేర్పడానికి వచ్చానండీ. మీ అక్కగారు సరేనని ఉంటే..." అని ఆగిపోయాడు. నిజమే చెప్పాడా, అదీ అమ్మకం మాటేనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

అయితే నా అనుమానం మీదే నాకు అనుమానం. అది అంత నిజమైతే అక్కకే చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలేసి ఉండవచ్చు కదా? ఎందుకు వదల్లేదు? చెబితే అక్క పెట్టించమనేది. వైద్యం సంగతులు నాకే తెలుసని అందరూ అనుకునే చోట, నా మాట కాదని ఆ డాక్టరు మాట నెగ్గేది. అది నేను ఓర్చుకోలేకపోయాను.

మా తమ్ముడు కాళ్లు పట్టుకోని డాక్టరు లేడని అక్క ఇప్పటికీ వచ్చినవాళ్లకు చెబుతుంది. నేను తల వంచుకుంటాను. అదంతా బాధే అనుకుంటారు.

పంపు పెడితే బావ బతికేవాడో లేదో తెలియదు. డాక్టరు మమ్మల్ని పంపించలేదు. నేనే తీసుకొచ్చేశాను. అక్కకింకా చెప్పలేదు. మీకు చెప్పాను, ఊపిరి కొంచెం ఆడుతోంది.