రేణుకను పిలిచానన్న మాట

ఈ బరువు మోయడం ఇక నా వల్ల కావడం లేదు. ఇన్నేళ్లూ నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక బడిలో పంతులుగా పనిచేసేవాణ్ణి. నా క్లాసులో రేణుక అనే పిల్ల ఉండేది. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. పెదాలు చూసి పాఠం అర్థం చేసుకునేది. అందుకే ఆమెను ముందు బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా జాగ్రత్తపడేవాణ్ణి. దాని గురించి ఎంత గొప్పలు చెప్పుకునేవాణ్ణో!

తెలంగాణ ఉద్యమం రోజులవి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పుకు నా క్లాసును తీసుకుపోయాను. ఎవరు తీసుకుపొమ్మన్నారు? ఎవరూ అనలేదు. రేణుకను పొయ్యి పక్కన కూరగాయలు కోయమని కూర్చోబెట్టాను.

“పోలీసులొచ్చిన్రు, ఉరుకున్రి!” అని ఎవరో అరిచారు. అందరూ ఉరికారు. నేనూ ఉరికాను. కొంత దూరం పోయి వెనక్కి చూస్తే, ఏం జరుగుతోందో తెలియక, ఆ పిల్ల క్లాసులో చూసినట్టే నా నోటి వైపు చూస్తోంది. ‘లే’ అంటే చాలు, లేచి వచ్చేది. ఎందుకు అనలేదు? ఆగితే దొరికిపోతానని, దొరికితే నౌకరీ పోతుందని. మళ్లీ ఉరికాను. జనం తొక్కిసలాటలో అన్నం గుండిగ ఒరిగి, మరుగుతున్న గంజి ఆమె చేతి మీద పడింది.

దవాఖానలో వాళ్లమ్మ అడిగింది. “సారూ, మా పిల్లను పిలిచిన్రా?”

“పిలిచిన అక్కా. మస్తు పిలిచిన. ఇనబడలే.”

“దాని ఖర్మ. మీరేం జేస్తరు సారూ, పరేషాన్ గాకున్రి.”

నన్నే ఓదార్చింది ఆ తల్లి! అప్పుడు చూశాను, మంచం మీద నుంచి రేణుక నా పెదాలనే చూస్తోంది. రోడ్డు మీద అవి కదలలేదని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఏమన్నాయో కూడా తెలుసు.

చెయ్యి మానాక బడికి వచ్చింది. ముందు బెంచీలోనే కూర్చుంది. కానీ తల ఎత్తేది కాదు. నేను ఎదురుగా నిలబడి మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పేవాణ్ణి. పుస్తకం వైపే చూసేది. కొన్నాళ్లకు పాఠం అర్థమైతలేదని బడి మానేసింది. పాఠం అర్థం కాలేదా, నా మొహం చూడలేకపోయిందా? వాళ్లింటికి పోయి అడిగే ధైర్యం నాకు రాలేదు, ఇప్పటికీ లేదు.

రేణుకను నేను పిలవలేదు. ఇది రాస్తూ, ఖాళీ గదిలో, పెదాలు కదిపి పైకి కూడా అన్నాను.